క్షారంలో సీసం: సగం నిజం తెచ్చే చేటు

సీసమనగానే సాహిత్యాభిమానులకు పద్యం జ్ఞాపకం వస్తుంది, ఆ వెంటనే శ్రీనాథుడు స్ఫురిస్తాడు. రసాయన శాస్త్రం చదివినవాడికి మాత్రం ఆ మాటతో జ్ఞాపకం వచ్చేది 82వ మూలకం. బరువైనది, మెత్తనిది, తక్కువ వేడికే కరిగేది, వంచినట్లు వంగేది. ఈ గుణాల వల్లనే అది వేల సంవత్సరాలుగా మానవుడి చేతికి అందివచ్చిన లోహమైంది. రోమనులు దానితో నీటి గొట్టాలు చేసుకున్నారు. లాటిన్ భాషలో సీసానికి పేరు ప్లంబం. కుళాయి చెడినప్పుడు మనం పిలిపించే ప్లంబరు పేరులో నేటికీ ఆ లోహమే దాగి ఉన్నది. ఇంతగా చేరువైన లోహమే ఇంతటి ప్రమాదకారి కావడం నాగరికతా చరిత్రలోని విషాదాలలో ఒకటి.

సీసం చేసే హాని గురించి ఈనాడు వాదోపవాదాలు లేవు. శరీరంలో అది కాల్షియం వేషం ధరించి ఎముకలలోకి, మెదడులోకి చొరబడుతుంది. పసిపిల్లల తెలివితేటలను, ఏకాగ్రతను, నడవడిని దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే భయం లేదని చెప్పదగిన హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతున్నది. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించి గాని సీసం ఉన్నది. వారిలో ఇంచుమించు సగం మంది దక్షిణాసియా పిల్లలు. అంటే ఇది మన ఊళ్ళ సమస్య, మన మేనల్లుళ్ళ, మేనకోడళ్ళ సమస్య.

ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఒక్క సంగతి. సీసం ఆమ్లంలో కరుగుతుంది గనుక క్షారంలో కరగదని, అందువల్ల నీటిలో క్షారత ఎంత పెంచితే అంత భద్రమని చదువుకున్నవారిలో కూడా ఒక నమ్మకం నాటుకొని ఉన్నది. ఆ నమ్మకం సగమే నిజం. మిగిలిన సగం ఏమిటో చెప్పేది సీసపు అయాను హైడ్రాక్సైడ్‌తో కట్టే సంశ్లిష్టాల కథ. అది పరీక్షలకు బట్టీపట్టి మరచిపోవలసిన పాఠం కాదు. మంచినీటి గొట్టాల నుండి పసుపు డబ్బా వరకు మన ఇంటితో ముడిపడి ఉన్న విషయం.

ఒక అయాను, మూడు మెట్లు

సీసపు లవణాన్ని నీటిలో వేసినప్పుడు సీసం రెండు ధనావేశాలు గల అయానుగా విడివడుతుంది. నీటి అణువులు దాని చుట్టూ మూగుతాయి. అయాను తన ధనావేశంతో వాటిలోని ఆక్సిజన్‌ను తనవైపు లాగుతుంది. ఆ లాగుడుకు ఒక నీటి అణువు తన హైడ్రోజన్ అయానును వదులుకొని, హైడ్రాక్సైడ్‌గా మారి సీసాన్ని అంటిపెట్టుకొని ఉండిపోతుంది. దీనికే జలవిశ్లేషణ అని పేరు. ద్రావణంలో క్షారత పెరిగేకొద్దీ ఈ మార్పు సులభమవుతుంది.

ఇది మెట్లమెట్లుగా జరుగుతుంది. ఆమ్ల ద్రావణంలో సీసం రెండు ధనావేశాలతో స్వేచ్ఛగా తిరుగుతుంది. పి.హెచ్. 7.5 దగ్గరకు వచ్చేసరికి సగం అయానులు ఒక్కొక్క హైడ్రాక్సైడ్‌ను చేర్చుకొని ఒకే ధనావేశంతో మిగులుతాయి. 9.5 దగ్గర రెండవ హైడ్రాక్సైడ్ చేరుతుంది. ఆవేశాల లెక్క సున్నకు వస్తుంది. 11 దగ్గర మూడవది చేరుతుంది. ఇప్పుడు ఆ సంశ్లిష్టం ఋణావేశం గల అయాను. ఈ అంకెలు శుద్ధమైన, సీసం అత్యల్పంగా ఉన్న ద్రావణానికి చెందినవి. 2009లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య ప్రచురించిన సమీక్షలోని స్థిరాంకాల నుండి తేలినవి. సీసం గాఢత ఎక్కువైతే నాలుగేసి, ఆరేసి సీసపు అయానులు హైడ్రాక్సైడ్‌లను వంతెనలుగా చేసుకొని గుంపులు కట్టడం కూడా ఉన్నది గాని, మంచినీటి విషయంలో వాటి ప్రమేయం స్వల్పం.

ఇక్కడ గమనించవలసినది ఆవేశాల వరుస: రెండు, ఒకటి, సున్న, ఆపై ఋణం ఒకటి. ఆవేశం ఉన్న కణానికి నీటితో పొత్తు ఎక్కువ. ఆవేశం లేనిదానికి తక్కువ. కనుక పి.హెచ్. పెరుగుతున్న కొద్దీ సీసం ముందు ద్రావణం నుండి తొలగి తెల్లని అవక్షేపంగా అడుగుకు చేరుతుంది. మనవాళ్ళు చూసి సంతోషించేది ఈ ఘట్టాన్నే. అక్కడితో ఆగక క్షారం పోస్తూనే ఉంటే, అడుగున పడిన తెల్లని పదార్థం ఋణావేశం పొంది మళ్ళీ నీటిలోకి లేచివస్తుంది. ద్రావణీయతను గీతగా గీస్తే అది ఒక లోయలా ఉంటుంది. ఎడమ గట్టు ఆమ్లం, కుడి గట్టు గాఢ క్షారం. రెండు గట్ల మీదా సీసం కరిగే ఉంటుంది. లోయ అడుగున మాత్రమే కొంత ఊరట. ఇలా ఆమ్లానికీ క్షారానికీ లొంగే గుణాన్ని ద్విస్వభావం అంటారు. అల్యూమినియం, యశదం, తగరం కూడా ఈ కోవకు చెందినవే.

ఈ గుణాన్ని మనుషులు తెలియకుండానే ఎంతో కాలంగా వాడుకున్నారు. సీసపు ఆక్సైడ్‌ను తడి సున్నంతో నూరి తలకు పట్టించి వెంట్రుకలను నల్లబరచే పద్ధతి గ్రీకు, రోమను కాలం నుండి ఉన్నది. సున్నపు క్షారతలో కరిగిన సీసం వెంట్రుకలోకి చొచ్చుకొనిపోయి, అందులోని గంధకంతో కలిసి నల్లని సీసపు సల్ఫైడ్ నానోకణాలుగా మారుతుందని 2006లో ఫిలిప్ వాల్టర్ బృందం ప్రయోగపూర్వకంగా చూపింది. చమురు శుద్ధి కర్మాగారాలలో దుర్గంధపు గంధక పదార్థాలను పసిగట్టడానికి వాడుతూ వచ్చిన సోడియం ప్లంబైట్ ద్రావణం కూడా ఈ కోవలోనిదే.

మూడా, నాలుగా?

మనలో ఇంటర్మీడియెట్ లవణ విశ్లేషణ చేసినవారు ఈ ప్లంబైట్‌ను ఎరుగుదురు. పాఠ్యపుస్తకాలలో దీనిని రెండు విధాలుగా రాస్తూ వచ్చారు: రెండు సోడియం అయానులతో కూడిన సాదా ఆక్సైడ్ లవణంగా ఒకటి, సీసం చుట్టూ నాలుగు హైడ్రాక్సైడ్‌లు చేరిన సంశ్లిష్టంగా మరొకటి. యశదానికి నాలుగు సరిపోతాయి గనుక సీసానికీ నాలుగే అనుకున్నారు. కాని 2001లో పెరేరా, హెఫ్టర్, సిపోస్ అనే శాస్త్రజ్ఞులు గాఢ క్షార ద్రావణాలలో సీసాన్ని వర్ణపటాల ద్వారా, సీసపు కేంద్రకాల అయస్కాంత అనునాదం ద్వారా పరిశీలించి, మూడు హైడ్రాక్సైడ్‌లను మించి చేరుతున్న జాడ లేదని తేల్చారు. తరువాత వచ్చిన నిర్మాణ పరిశోధనలూ ఆ నిర్ణయాన్నే బలపరిచాయి. ఆ సంశ్లిష్టపు ఆకారం మూడు కాళ్ళ పీటను పోలినది. సీసం పైన, హైడ్రాక్సైడ్‌లు కాళ్ళ స్థానంలో. నాలుగవ చోటును ఆక్రమించుకొని ఉన్నది సీసానికే చెందిన ఒక ఒంటరి ఎలక్ట్రాన్ల జంట.

అలాగే పుస్తకాలలో సీసపు హైడ్రాక్సైడ్ అని రాసే తెల్లని అవక్షేపం. నిజానికి సాధారణంగా అడుగున చేరేది ఆ సరళ సూత్రానికి ఒదిగే పదార్థం కాదు. ఆరు సీసాలు, కొన్ని ఆక్సైడ్‌లు, కొన్ని హైడ్రాక్సైడ్‌లు కలిసిన ఆర్ద్ర ఆక్సైడ్.

ఇంత చిన్న సవరణకు ఇంత పట్టుదల ఎందుకని పాఠకులు అడగవచ్చు. మూడైతేనేమి, నాలుగైతేనేమి, సీసం కరిగిందా లేదా అన్నదే కదా ముఖ్యం? వ్యవహారానికి అది నిజమే. కాని పిల్లలకు శాస్త్రాన్ని ఎలా నేర్పుతున్నామన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది. యశదాన్ని చూసి సీసాన్ని ఊహించడం పోలిక. కొలిచి చూడడం శాస్త్రం. పోలికతో వచ్చిన సూత్రం దశాబ్దాల తరబడి పుస్తకం నుండి పుస్తకానికి ఎక్కుతూ వచ్చింది, పరీక్షలలో మార్కులు తెచ్చింది. పోలికను కొలతగా భ్రమపడే ఈ అలవాటే, ముందు చెప్పబోయే విషయాలలో మనుషుల ఆరోగ్యానికి ముప్పు తెస్తున్నది.

లోయ అడుగున ఎంత?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. లోయ అడుగు అంటే పి.హెచ్. 10 పరిసరాలు. అక్కడ నీటిలో మిగిలే సీసం ఎంత? నీటిలో కార్బొనేట్, ఫాస్ఫేట్ వంటివేవీ లేక, సీసపు ఆక్సైడ్ ఒక్కటే నీటితో తలపడుతున్నదనుకుందాం. పైన చెప్పిన స్థిరాంకాలతో లెక్క కడితే లీటరుకు మిల్లీగ్రాముల కొలది సీసం మిగులుతుందని తేలుతుంది. భారత ప్రమాణాల సంస్థ మంచినీటికి విధించిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే లోయలోని అట్టడుగు స్థానం కూడా హద్దుకు వందల రెట్లు పైన ఉన్నది. అదే పి.హెచ్. 13కు పోతే మిగిలేది లీటరుకు వందల మిల్లీగ్రాములు.

దీని అర్థం సుస్పష్టం. క్షారత ఒక్కటే సీసాన్ని ఎన్నడూ అదుపు చేయలేదు. మంచినీటిని నిజంగా కాపాడేవి నీటిలోని కార్బొనేట్, ఫాస్ఫేట్. అవి సీసంతో కలిసి గొట్టం లోపలి గోడ మీద గట్టి పొరగా పేరుకుంటాయి. హైడ్రాక్సైడ్ కంటే అవి సీసాన్ని పట్టి ఉంచడంలో ఎంతో సమర్థమైనవి. పి.హెచ్. పాత్ర ఆ పొరకు అనువైన వాతావరణాన్ని కల్పించడం వరకే.

స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరం అనుభవం ఈ మాటకు చక్కని నిదర్శనం. ఆ నగరానికి లాక్ కాట్రిన్ సరస్సు నుండి వచ్చే నీరు మెత్తనిది, కొంచెం ఆమ్లగుణం కలది; పి.హెచ్. 6.3. పాత ఇళ్ళన్నిటా సీసపు గొట్టాలు. 1978లో నీటికి సున్నం కలపడం మొదలుపెట్టి పి.హెచ్.ను తొలుత 7.8కి, ఆ తరువాత 9కి పెంచారు. నీటిలో సీసం బాగా తగ్గింది, ప్రజల రక్తంలోనూ తగ్గింది. క్షారత చేసిన మేలు అది. దానిని కాదనడం లేదు. అయినా అది చాలలేదు. 1989 నుండి ఫాస్ఫేట్ కూడా కలపవలసి వచ్చింది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ఫ్లింట్ నగరం కథ మనందరికీ తెలిసినదే. 2014 ఏప్రిల్‌లో పొదుపు కోసమని డెట్రాయిట్ సరఫరా చేసే హ్యూరాన్ సరస్సు నీటిని మాని ఫ్లింట్ నది నీటికి మారారు. పాత నీటిలో ఫాస్ఫేట్ ఉండేది; కొత్త నీటికి అది కలపలేదు. నది నీటిలో క్లోరైడ్ ఎక్కువ. దశాబ్దాలుగా గొట్టాలలో పేరుకున్న రక్షణ పొర నెలల్లో చెదిరిపోయింది. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయపు మార్క్ ఎడ్వర్డ్స్ బృందం ఇళ్ళ నీటిని కొలిచి, పిల్లల వైద్యురాలు మోనా హన్నా అటిషా ఆసుపత్రి రికార్డులలో పిల్లల రక్తపు కొలతలను పోల్చి చూపేవరకు అధికారులు అంతా సవ్యంగా ఉన్నదనే అంటూ వచ్చారు. 2015 అక్టోబరులో మళ్ళీ పాత నీటికి మారారు. మన తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీలో నెవార్క్ నగరానికీ ఇటువంటి కష్టమే వచ్చింది. అక్కడ వాడుతున్న సిలికేట్ రక్షణ పనిచేయడం మానివేయగా, 2019లో ఫాస్ఫేట్‌కు మారి, మూడేళ్ళ వ్యవధిలో ఇంచుమించు 23 వేల సీసపు గొట్టాలను తవ్వి తీసివేశారు. రసాయనంతో ఎంత కాపలా కాసినా అది కాపలాయే. దొంగను ఇంట్లో నుండి పంపివేయడమే అసలైన పరిష్కారమని నెవార్క్ నిరూపించింది.

సున్నం ఎక్కువైతే

మంచినీటి పి.హెచ్. 13కు పోదు గదా, గాఢ క్షారం గురించి బెంగ ఎందుకు అనవచ్చు. మంచినీరు పోదు, మురుగునీరు పోతుంది. పాత బ్యాటరీలను పగులగొట్టి సీసాన్ని తిరిగి తీసే పని భారతదేశంలో పెద్ద కర్మాగారాలతో పాటు చిన్న చిన్న కొట్టాలలో కూడా జరుగుతున్నది. బ్యాటరీలలో ఉండేది గంధకికామ్లం. దానిని విరగగొట్టడానికి సున్నమో, కాస్టిక్ సోడానో పోస్తారు. కొలత లేని చోట చేతికి వచ్చినంత పోస్తారు. ఎక్కువ పోస్తే మరింత శుభ్రమని పోసేవాడి భావన. పి.హెచ్. 9, 10 మధ్య ఆపి ఉంటే అడుగున చేరి ఉండే సీసం, 12 దాటేసరికి ఋణావేశం పొంది మళ్ళీ నీటిలో కలిసి కాలువలోకి పోతుంది. ఆమ్లం లేదు గనుక నీరు శుభ్రమైనదనుకొని వదిలివేస్తారు.

సీసం కలిసిన వ్యర్థాలను సిమెంటుతో కలిపి గట్టిపరచి పూడ్చివేయడం మరొక పద్ధతి. సిమెంటు రంధ్రాలలోని నీటి పి.హెచ్. 12.5కు పైమాటే. అందువల్ల సిమెంటులో బంధించామనుకున్న సీసం, తగు జాగ్రత్త లేకపోతే, అదే సిమెంటు క్షారతకు కరిగి బయటికి ఊరుతుంది. తడి కాంక్రీటులో పూడ్చిన సీసపు గొట్టాలు తినివేయబడడం నిర్మాణ నిపుణులు ఎరిగిన సంగతే.

మితిమీరితే అమృతమూ విషమేనని మన పెద్దలు అన్నది భోజనం గురించే కావచ్చు గాని, సున్నానికి కూడా అక్షరాలా వర్తిస్తుంది. పి.హెచ్. మీటరు ఖరీదు బ్యాటరీ వ్యాపారపు లాభాలతో పోలిస్తే లెక్కలోకి రాదు. అది ఉండి తీరవలసిన చోట లేకపోవడం పేదరికం వల్ల కాదు, నిర్లక్ష్యం వల్ల.

పసుపు డబ్బాలో క్రోమేట్

లవణ విశ్లేషణలో సీసాన్ని ధ్రువపరచే ఒక పరీక్ష ఉన్నది. ద్రావణానికి పొటాషియం క్రోమేట్ కలిపితే పసుపుపచ్చని అవక్షేపం వస్తుంది. అది అసిటిక్ ఆమ్లంలో కరగదు. సోడియం హైడ్రాక్సైడ్‌లో కరుగుతుంది. బేరియం క్రోమేట్ కూడా పసుపుపచ్చనిదే గాని క్షారంలో కరగదు. ఎందుకు కరగదో మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, మేము అడగలేదు. జవాబు పైన చెప్పిన మూడు కాళ్ళ పీటే. హైడ్రాక్సైడ్ సీసాన్ని క్రోమేట్ చేతి నుండి లాక్కొని తనతో సంశ్లిష్టంగా కట్టివేసుకుంటుంది. బేరియంతో అటువంటి సంశ్లిష్టం ఏర్పడదు.

ఈ పసుపుపచ్చని సీసపు క్రోమేట్ ప్రయోగశాలలోనే ఉండిపోతే బాగుండేది. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు నిగనిగలాడే రంగు తేవడానికి దీనిని పూస్తున్నారని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఢాకాలోని ఐసీడీడీఆర్‌బీ సంస్థల పరిశోధకులు 2019లో వెల్లడించారు. అక్కడి ప్రభుత్వం వెంటనే కదిలి, మార్కెట్లలో తనిఖీలు చేసి, దోషులకు జరిమానాలు వేసింది. 2019లో సేకరించిన పసుపు నమూనాలలో 47 శాతం కల్తీవని తేలగా, 2021 నాటికి అటువంటివి ఒక్కటీ కనబడలేదు. సంకల్పం ఉంటే రెండేళ్ళు చాలునన్నమాట. భారత, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశాల నగరాలలో జరిపి 2024లో ప్రచురించిన సర్వేలో మాత్రం కొన్ని చోట్ల, ముఖ్యంగా పాట్నాలో, అత్యధికంగా సీసం ఉన్న పసుపు దొరికింది. 2023లో అమెరికాలో పసిపిల్లలు తినే ఆపిల్ గుజ్జు పొట్లాలలో సీసం బయటపడినప్పుడు కూడా దోషం దాల్చినచెక్క పొడిదేనని, అందులో సీసంతో పాటు క్రోమియం ఉన్నదని తేలింది.

ఇక సింధూరం. ఎర్రని సీసపు ఆక్సైడ్‌కు తెలుగులో చిరకాలంగా ఉన్న పేరే సింధూరం. పసుపుతో చేసిన సంప్రదాయ కుంకుమ వేరు, ఇది వేరు. 2017లో న్యూజెర్సీ రట్‌గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించిన సింధూరపు పొడులలో, అమెరికాలో కొన్నవాటిలో 83 శాతం, భారతదేశంలో కొన్నవాటిలో 78 శాతం నమూనాలలో గ్రాముకు ఒక మైక్రోగ్రామైనా సీసం ఉన్నది. పాపిట పెట్టుకున్న పొడి తల్లి చేతి నుండి బిడ్డ నోటికి చేరడానికి ఎంత దూరం?

ఒక హెచ్చరిక. క్రోమేట్ క్షారంలో కరుగుతుంది గదా అని సున్నపు తేటతో పసుపును ఇంట్లో పరీక్షించబోవద్దు. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే చాలు ఎర్రబడుతుంది. పెళ్ళిళ్ళలో పారాణి ఎర్రదనం అదే. ఆ ఎరుపు సీసం గురించి ఏమీ చెప్పదు. పరికరం ఉన్న ప్రయోగశాల మాత్రమే చెప్పగలదు.

క్షార జలం మోజు

ఈ మధ్య మన ఇళ్ళలో నీటిని క్షారంగా మార్చే యంత్రాలు వెలిశాయి. ఇక్కడా కొంటున్నారు, హైదరాబాదులోని తల్లిదండ్రులకూ కొని పంపుతున్నారు. ఒక మిత్రుడు నన్ను అడిగారు: “డాక్టరు గారూ, 9.5 పి.హెచ్. నీటిలో లోహాలు నిలవవట గదా? ఇక వడపోత ఎందుకండీ?” ఈ ప్రశ్నకు రెండు జవాబులు.

మొదటిది, ఆ పి.హెచ్. దగ్గర కూడా మిగిలే సీసం మంచినీటి హద్దుకు ఎంతో ఎక్కువ కావచ్చునని పైన చూశాం. రెండవది ఇంతకంటే ముఖ్యమైనది. సీసం అవక్షేపంగా మారడం వేరు, నీటి నుండి తొలగిపోవడం వేరు. అవక్షేపపు సూక్ష్మకణాలు కంటికి కనబడకుండా గ్లాసులోనే ఉంటాయి. వాటిని మింగిన తరువాత అవి చేరేది జీర్ణాశయానికి. అక్కడి పి.హెచ్. 2 పరిసరాలలో ఉంటుంది. సీసం ఆనందంగా మళ్ళీ ఎడమ గట్టెక్కి రెండు ధనావేశాల అయానుగా మారుతుంది. పి.హెచ్. 9.5 కాదు, 10.5 చేసినా కడుపులోని ఆమ్లం ఆ శ్రమనంతా క్షణాలలో తుడిచివేస్తుంది. పట్టి నిలిపే వడపోత లేనిదే క్షార యంత్రం సీసం నుండి రక్షించలేదు. ఆ యంత్రానికి పెట్టే ధనంలో చిన్న వంతుతో నీటి పరీక్ష, సీసాన్ని తొలగిస్తుందని ధ్రువపత్రం పొందిన వడపోత రెండూ సమకూరుతాయి.

మనం చేయగలిగినది

మా చిన్నతనంలో ఇవన్నీ ఎవరు చూశారు, మేము బాగానే లేమా అని కొందరు పెద్దలు అంటారు. బాగానే ఉన్నామనడానికి మనం కొలుచుకున్నది ఎప్పుడు? 1970ల చివర అమెరికాలో ఐదేళ్ళ లోపు పిల్లల రక్తంలో సగటున డెసిలీటరుకు 15 మైక్రోగ్రాముల సీసం ఉండేది. పెట్రోలులో నుండి సీసాన్ని తీసివేసిన తరువాత అది ఒకటి కంటే దిగువకు వచ్చింది. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ప్రపంచంలో చివరిగా 2021లో అల్జీరియాలో ఆగింది. 2021లోనే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, పిల్లల విషయంలో జాగ్రత్త పడవలసిన స్థాయిని 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. అంటే ఒకనాటి సగటు నేటి హెచ్చరిక గీతకు నాలుగింతలు. అది బాగుండడం కాదు, తెలియకపోవడం.

ఇంటి వరకు చేయవలసినవి కష్టమైనవి కావు. మీ ఇంటికి వచ్చే గొట్టం ఏ లోహానిదో తెలుసుకోండి. అమెరికాలో నీటి సరఫరా సంస్థలు 2024 అక్టోబరు నాటికి ఆ జాబితాలు సిద్ధం చేయవలసి వచ్చింది, అడిగితే చూపుతాయి. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని కొంతసేపు వదిలివేసి ఆ తరువాత పట్టుకోండి. వంటకు, తాగడానికి వేడినీటి కుళాయి నుండి పట్టవద్దు. నీటిని కాచడం వల్ల సీసం పోదు. నీరు ఆవిరై మిగిలినదానిలో మరింత చిక్కబడుతుంది. వడపోత కొనేటప్పుడు ఎన్‌ఎస్‌ఎఫ్ 53 ప్రమాణం ప్రకారం సీసానికి ధ్రువీకరణ ఉన్నదో లేదో చూడండి. ఊరి నుండి తెచ్చుకున్న సత్తు గిన్నెలో చింతపండు చారు కాచుకునేవారు ఆ లోహంలో సీసం ఎంతో పరీక్ష చేయించేవరకు ఆ గిన్నెను అలమారలో అలంకారంగా ఉంచడం మేలు. బిడ్డకు ఏడాది నిండినప్పుడు, రెండేళ్ళు నిండినప్పుడు రక్తంలో సీసం పరీక్ష చేయమని వైద్యుని అడగండి. ఆయన చేస్తారులే అని ఊరుకోవద్దు.

నా అసలు విన్నపం మన సంఘాలకు. స్వగ్రామాలలో నీటి శుద్ధి కేంద్రాలు కట్టించడానికి మనం ఉదారంగా ధనం పంపుతున్నాం. ప్రారంభోత్సవాలు జరుగుతున్నాయి, శిలాఫలకాలు వెలుస్తున్నాయి. ఆ కేంద్రం గోడ మీద దాతల పేర్లతో పాటు నీటిలో సీసం ఎంత, పరీక్షించిన తేదీ ఏది అన్న రెండు పంక్తులు ఎందుకు ఉండకూడదు? పి.హెచ్., లవణాల మొత్తం కొలిచి సరిపుచ్చుకుంటున్నారు. ఆ రెండు అంకెలూ సవ్యంగా ఉండి సీసం అధికంగా ఉండడానికి ఏ అడ్డంకీ లేదని ఈ పాటికి పాఠకులకు తేటపడి ఉంటుంది. ఏడాదికి ఒకసారి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో సీసాన్ని కొలిపించి, ఫలితాన్ని ఊరి ముందు పెట్టాలన్న షరతు మన విరాళంలో భాగం కావాలి. అలాగే మన సభల ఆరోగ్య శిబిరాలలో చక్కెర, రక్తపోటు చూస్తున్నాం; పిల్లలకు వేలి మొనపై చుక్క రక్తంతో సీసం చూడడం, ఇంటి పసుపు నమూనాను తెచ్చినవారికి పరీక్ష చేయించి పెట్టడం కూడా చేర్చుకుందాం. మనలో రసాయన శాస్త్రజ్ఞులకు కొదవ లేదు. పరికరాల దగ్గర పనిచేసేవారు ఎందరో ఉన్నారు. అడిగితే ఒక శనివారం ఇవ్వని వారు అరుదు.

సీసపు అయాను ఎన్ని హైడ్రాక్సైడ్‌లను చేర్చుకుంటుందో కొలిచి చూసేవరకు పుస్తకాలు నాలుగు అన్నాయి. ఫ్లింట్ నీటిని కొలిచి చూసేవరకు అధికారులు భద్రం అన్నారు. మన ఊరి నీటిని, మన వంటింటి పసుపును, మన బిడ్డల రక్తాన్ని మనం ఇంకా కొలవలేదు. రాబోయే సంవత్సరంలో ఆ పని మొదలుపెట్టే సంఘం మనదే కావాలని కోరుతున్నాను.